తెల్ల బంతి మీద మరక

రాజమణి మెట్లెక్కే ముందు రెండుసార్లు ఆగింది. మోకాళ్ల నొప్పులేమో అనుకుని కింద పాన్ డబ్బా అతను స్టూలు ఇటు జరిపాడు. ఆమె మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి. సిగ్గుకు కాళ్లు కదలడం లేదు, అంతే.

నిన్న ఇవే మెట్లు ఆమె శాలువా కప్పుకుని, మెడలో దండతో దిగింది. "మేడం చిటికెల పట్టేసింది దొంగను" అని వెనకాల జనం అంటుంటే నడకలో కాస్త ఠీవి కూడా చేరింది. ఆ నడక ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు చెవులు కాలిపోతున్నాయి.

అఫ్జల్‌గంజ్‌లో ప్రేమ్‌రాజ్ సేట్ హోల్‌సేల్ దుకాణం మీది అంతస్తులో పూల్ పార్లర్ ఉంది. ఏటా దసరాకు అక్కడ టోర్నమెంట్. ఈసారి ముఖ్య అతిథి ఆమే. నయాపూల్‌లో ఆఫీసు పెట్టుకుని ఇరవై ఏళ్లుగా డిటెక్టివ్ పని చేస్తున్న రాజమణి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. నిన్న ఆయుధ పూజలో టేబుల్‌కూ, ఆటగాళ్ల క్యూ కర్రలకూ ఆమె చేతే పసుపు బొట్లు పెట్టించారు, ఫొటోలు తీశారు. ఆ తర్వాత సెమీఫైనల్. సోనీ అనే అమ్మాయికీ అక్షయ్ అనే కుర్రాడికీ పోటీ. అక్షయ్ తొలి దెబ్బ కొట్టగానే తెల్ల బంతి పట్టు తప్పి జారి, పోయి గుంటలో పడింది. బంతికి నూనె రాశారని వాడు గోల పెట్టాడు. చూస్తే నిజంగానే జిడ్డు.

ముఖ్య అతిథి ఊరుకుంటుందా? ముందు సోనీ పెట్టె తెరిపించింది. కర్ర తుడుచుకునే పసుపుపచ్చ గుడ్డకు అదే జిడ్డు. "చేతులు చాపు" అంది. నిండు హాల్లో, అందరి ముందూ, వంగి ఆ పిల్ల అరచేతులు వాసన చూసింది. నూనె వాసన. "నేను రాయలే" అని సోనీ రెండుసార్లు అంది. మ్యాచ్ డైరెక్టర్ డానియేలు రూలు ప్రకారం ఆమెను తప్పించి, ఐదేళ్ల నిషేధం వేశాడు. రాష్ట్ర జట్టు ఎంపికకు వచ్చే నెల వెళ్లాల్సిన పిల్ల పెట్టె మూసుకుని వెళ్లిపోయింది. ఆ వీడియో రాత్రికే ఊరంతా చూసింది.

ఇవాళ పొద్దున రాజమణి తమలపాకుకు సున్నం రాస్తూ రాస్తూ, రిపోర్టు కోసం ఆ గుడ్డను కవర్లోంచి తీసింది. సున్నం వేలు తగిలిన చోట జిడ్డు ఎర్రబడింది. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో, దిష్టి నీళ్లు కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. సేట్ ఇంట్లో పసుపును నీళ్లతో కాదు, నువ్వుల నూనెతో కలుపుతారు. అంటే గుడ్డకు అంటింది పూజ నూనె. కర్రకు తను పెట్టిన బొట్టునే ఆ పిల్ల ఆటకు ముందు తుడుచుకుంది. పూజ బొట్టు తుడిచానని సేట్ ఇంట్లో, పెట్టిన మనిషి ముందే చెప్పలేక నోరు మూసుకుంది. అక్షయ్ గుడ్డకూ ఇదే నూనె ఉండి ఉంటుంది. కానీ సోనీ పెట్టెలో దొరికిన సంబరంలో రాజమణి అక్షయ్ పెట్టె తెరవనే లేదు. కొత్తగా చేరిన కానిస్టేబుల్ కూడా చెయ్యని తప్పు!

అయినా ఒక్కటి మిగిలింది. బంతికి నూనె ఎలా అంటింది? కర్రలకు బొట్లు పెట్టింది తనే, ఒప్పుకుంటుంది. బంతుల జోలికి మాత్రం తను పోలేదు. ఆ ఒక్క ధీమాతోనే ఆమె మెట్లన్నీ ఎక్కింది.

సోనీకి ఫోన్ చేసి రమ్మంది. వస్తానని గానీ రానని గానీ ఆ పిల్ల అనలేదు. నాలుగింటికి ఫైనల్. ఫైనల్‌లో తొలి దెబ్బ పడ్డాక అంతకుముందు ఇచ్చిన తీర్పులేవీ మారవు. డానియేలు రాసి గోడకు తగిలించిన రూల్స్‌లో ఆఖరిది అది. రాజమణి హాల్లోకి వెళ్లేసరికి మూడు దాటింది.

డానియేలు ఒక్కడే ఉన్నాడు. బకెట్లో బంతులు కడుగుతున్నాడు. బస్ డిపోలో మెకానిక్, వచ్చే ఏడు రిటైరవుతాడు. సెలవు రోజుల్లో టోర్నమెంట్లు నడుపుతాడు. ఆలస్యంగా వచ్చాడని సొంత మేనల్లుణ్ని ఆడనివ్వకుండా ఇంటికి పంపిన మనిషి. ఆయన చెయ్యెత్తి "ఫౌల్" అన్నాడంటే ఎదుటివాడు కర్ర కింద పెట్టేస్తాడు, వాదించడు.

"అన్నా, నిన్నటి బంతుల ట్రే ఏది?"

"ఎందుకమ్మా? ఆ లొల్లి నిన్ననే ఒడిసింది గదా."

"ఒడవలే. చూపియ్యి."

కిటికీ గట్టు మీది చెక్క ట్రేను ఆయన తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. పదహారు బంతులకు పదహారు గుంటలు. రాజమణి కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క గుంటా వెలుతురుకు తిప్పి చూసింది. పదిహేను శుభ్రంగా ఉన్నాయి. మూల మీది గుంటలో మాత్రం చెక్క కొంచెం నిగనిగలాడుతోంది.

"ఈ గుంటల ఏ బంతి పెడ్తవు?"

"తెల్లది."

ఆమె సంచిలోంచి సున్నం డబ్బీ తీసి, కొంచెం వేలికి తీసుకుని గుంట అంచుకు రాసింది. రాసినంత మేరా ఎర్రటి చార తేలింది. డానియేలు చేతిలో ఉన్న బంతి బకెట్లోకి జారింది.

"పసుపు" అన్నాడు.

"పసుపే. నిన్న మనమేమన్నం? ఆటగాండ్లు పైకొచ్చినంక, టేబుల్ కాడ నిలబడ్డప్పుడు సోనీ బంతికి నూనె రాసిందన్నం. కానీ లొల్లి అయినంక ఆ బంతి మల్ల ట్రేలకు పోలే, అయినా ట్రేల నూనె ఉన్నది. అంటే వాళ్లు పైకి రాకముందే బంతికి అంటింది. అప్పుడు సోనీ ఎక్కడున్నది?"

"కింద. పేరు పిలిచేదాక ఎవ్వరు పైకి రావద్దని నేనే అందర్ని కింద కూసోబెట్టిన. కర్రల పెట్టెలు ఒక్కటే పూజకు పైకొచ్చినయ్."

"మరి బంతులు కడిగినంక మ్యాచ్ దాక డైరెక్టర్ వాటి పక్కకెల్లి కదలొద్దని నువ్వే రాసినవు. గోడకు ఉన్నది, చదవమంటవా? నీ కండ్ల ముందటనే ఉన్నయా అని నిన్న అందరి ముందట అడిగిన. ఉన్నయన్నవు."

డానియేలు చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తడి పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"అన్నా."

"బయటికి పోయిన" అన్నాడు చివరికి. "హారతి పట్టేటప్పుడు నేను ఆడ నిలవడనమ్మా. అది నాకు, నేను మొక్కే దేవునికి మధ్యల ముచ్చట. ఎవ్వరితోని చెప్పను. ట్రే మీద తువ్వాల కప్పి మెట్ల మీదికి పోయిన. హారతి అయిపోయినంక వచ్చిన."

"నిన్న ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? సేట్ నాకు పదేండ్ల సంది హాలు ఇస్తుండు. కిరాయి అడగడు. వాళ్ల ముసలామె ఇంట్ల ఏం చేసుకున్నా నాకో గిన్నె పంపుతది. 'మీ పూజ ఉన్నదని బయటికి పోయిన' అని నిండు హాల్ల ఎట్లనాలె? వాళ్ల మనసు నొచ్చుకుంటదని ఊకున్న." ఆయన గోడ మీది రూల్స్ వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. "ఒక్క మాటనే గదా, ఏమైతది అనుకున్న. ఆ ఒక్క మాట మీదనే ఆ పిల్లను తోలిన."

రాజమణికి ఆయన్ని నాలుగు మాటలు అనాలనే వచ్చింది. నోరు రాలేదు. ఆయన ఒక్క మాట దాచాడు. తను ఒక పెట్టె తెరవలేదు. ఇద్దరిలో ఎవరు ఎవర్ని అనాలి?

"తువ్వాల ఎవరు తీసిన్రో కనుక్కుంట. ఫైనల్ నాలుగింటికి మొదలు పెట్టకు."

"నేను మొదలు పెట్టకున్నా, టైమైతే మొదలు పెట్టాలెనని అక్షయ్ తరఫోళ్లు గొడవకొస్తరమ్మా. టైమ్ రూలు కూడ నేను రాసిందే."

సేట్ కుటుంబం హాలు వెనక వాటాలోనే ఉంటుంది. కోడలు రూప వంటింట్లో పూరీలు వత్తుతోంది. రాజమణిని చూడగానే పీట తోసేసి నిలబడి, చేతులు కడుక్కుని, నీళ్లు తెచ్చి ఇచ్చింది. నిన్న పూజ అవగానే ఆడవాళ్లంతా ఇంట్లోకి వచ్చేశారు. తర్వాత జరిగిన గొడవ ఆమె వినడమే గానీ చూడలేదు.

"రూపా, నిన్న ట్రే మీద తువ్వాల ఉండె. ఎవరు తీసిన్రు?"

"అత్తమ్మ. దేవుని ముందట ముసుగేందని తీసేసింది, అక్కా."

"బంతులకు బొట్లు పెట్టిన్రా?"

"అన్నిటికి కాదు. తెల్లదానికి ఒక్కదానికే. అత్తమ్మ అది ఒక్కటే ముందట పెట్టింది, అన్నిటిని కొట్టేది అదే గదా అని." రూప నవ్వబోయి, రాజమణి ముఖం చూసి ఆపుకుంది. "మల్ల నేనే తుడిచిన. బంతి మీద బొట్టు చూస్తే డానియేలన్న పరేషాన్ అయితడని కొంగుతోని మంచిగ తుడిచి ట్రేల పెట్టిన. తప్పయిందా?"

తుడిస్తే బొట్టు పోయింది. నూనె మాత్రం బంతి అంతా సమంగా పరుచుకుంది. రాజమణి ఊపిరి వదిలింది. సోనీ గండం గట్టెక్కినట్టే.

"బొట్టు ఎవరు పెట్టిన్రు?"

రూప గ్లాసు అందుకుంది. అందులో ఇంకా సగం నీళ్లున్నాయి.

"గుర్తులేదక్కా."

"పళ్లెం పట్టుకున్నది నువ్వే గదా?"

"మస్తు మంది ఉండిరి. గుర్తులేదు. పూరీలు తింటరా, వేడిగున్నయ్?"

ఇరవై ఏళ్లలో ఎన్నో అబద్ధాలు విన్న చెవులు అవి. ఇది అబద్ధమని తెలిసింది. కానీ రూప భయపడి చెప్పడం లేదు. ఎదుటివాళ్ల పరువు కాపాడే మనిషి చూపు తిప్పుకున్నట్టు చూపు తిప్పుకుంది. ముసలి అత్తగారిని కాపాడుతోంది కాబోలు అనుకుని రాజమణి బయటికి వచ్చింది.

మెట్ల మలుపులో వివేక్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మూడేళ్లు ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె క్లయింట్లనే ఇద్దరు ముగ్గుర్ని తీసుకుపోయి సొంత ఏజెన్సీ పెట్టుకున్నవాడు. ఆటలో మోసం జరగకుండా చూడటానికని నిన్న అక్షయ్ తరఫున వచ్చాడు.

"మేడం, మల్ల తవ్వుతున్నరంట?"

"తవ్వుతున్న. నీకేంది?"

"మీరు నా గురువు. అందుకే చెప్తున్న, ఇక్కడనే ఆపేయండి."

"పక్కకు జరుగు. ఫైనల్ ఆపాలె. ఆ పిల్ల తప్పు లేదు."

"తెల్సు" అన్నాడు వివేక్.

రాజమణి ఆగిపోయింది. వాడు ఫోన్ తీసి ఆమె ముందు పట్టుకున్నాడు. నిన్నటి పూజ. హారతి పళ్లెం, దండలు, పక్కన రూప. మధ్యలో శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి. ముసలామె కర్రలు ఒక్కొక్కటే అందిస్తోంది, ముఖ్య అతిథి బొట్లు పెడుతోంది. నాలుగు కర్రలయ్యాక ముసలామె తెల్ల బంతి అందించింది. ముఖ్య అతిథి ఉంగరపు వేలు పళ్లెంలో ముంచి బంతికి అద్దింది. బంతి వంక చూడను కూడా చూడలేదు. ఆమె చూపంతా ఫొటో తీసేవాడి మీదే ఉంది. బాగా నవ్వింది కూడా.

రాజమణి ఆ నవ్వును చూస్తూ ఉండిపోయింది. నిన్న పూజ అయ్యాక సబ్బుతో చేతులు కడుగుతుంటే నురగ ఎర్రబడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కుంకుమ అనుకుంది. అక్కడ కుంకుమే లేదు, సబ్బుకు ఎర్రబడింది పసుపు. ఇప్పటికీ ఆ వేలి గోటి వార ఎర్రటి గీత ఉంది. రూప కాపాడాలని చూసింది అత్తగారిని కాదు, ఇంటికి వచ్చిన అతిథిని.

"నిన్న నేను గా పిల్ల చేతులు వాసన చూస్తున్నప్పుడు ఇది నీ జేబులనే ఉన్నదా?"

"ఉన్నది."

"నోరెందుకు తెరవలే?"

"నా క్లయింట్ గెలుస్తుండె గదా మేడం. క్లయింట్‌కు నష్టమొచ్చే సాక్ష్యం మనంతట మనం బయట పెట్టొద్దని నేర్పింది మీరే."

నేర్పింది. ఆ మాట అన్న రోజు, అన్న కుర్చీతో సహా ఆమెకు గుర్తుంది.

"నాలుగింటి దాక ఊకోండి చాలు. ఫైనల్ షురూ అయితది, తీర్పు పక్కా అయితది. ఇది నా ఫోన్ దాటి పోదు. మీరు మాట్లాడినంక దాచి నాకేం లాభం? నయాపూల్ల లాయర్లందరి ఫోన్లల్ల తిరుగుతది. బొట్టు పెట్టి, ఆ బొట్టుకే వేరేటోళ్లను పట్టిచ్చిన డిటెక్టివ్‌కు రేపటి సంది కేసు ఎవరిస్తరు?"

"జరుగు" అంది రాజమణి.

హాలు నిండుతోంది. కుర్రాళ్లు కిటికీ గట్ల మీద కూడా ఎక్కి కూర్చున్నారు. ప్రేమ్‌రాజ్ సేట్ ముందు వరుసలో ఉన్నాడు. డానియేలు మైకు పట్టుకుని ఆమె కోసమే చూస్తున్నాడు. నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుంది.

మైకు దాకా నడిచే ఆ నాలుగడుగుల్లో రాజమణి బుర్ర చాలా చురుగ్గా పనిచేసింది. పూజలో ఎవరో బొట్టు పెట్టారని చెప్తే చాలు కదా? సోనీ బయటపడుతుంది. రూప ఎలాగూ చెప్పదు. ముసలామె పేరు జనమే అనుకుంటారు, పెద్దావిడని ఎవరూ ఒక్క మాట అనరు. ఇక వీడియో సంగతి. పూజలో జరిగింది బయట పడ్డాక దాన్ని ఎవరు పట్టించుకుంటారు? అందరికీ మంచిదే. ఇలా అనుకుంటున్నందుకు సిగ్గేసింది. అయినా అనుకుంటూనే మైకు అందుకుంది.

"నిన్న తప్పు తీర్పు అయింది" అంది. "సోనీ బంతికి ఏం రాయలే. గుడ్డకున్న నూనె పూజ నూనె. కర్ర మీది బొట్టు తుడుచుకున్నది, అంతే. బంతికి కూడ పూజలనే అంటింది. పూజల ఎవరో..."

తలుపు దగ్గర సోనీ నిలబడి ఉంది. పక్కన తండ్రి గుండయ్య, డ్యూటీ మధ్యలో వచ్చాడేమో, ఖాకీ చొక్కా మీదే ఉన్నాడు. సోనీ రెండు చేతులూ చున్నీ కింద దాచుకుని ఉంది.

"ఎవరో కాదు" అంది రాజమణి. "నేనే. నా వేలుతోనే పెట్టిన. ఫొటో దిక్కు చూసుకుంట పెట్టిన. ఏం ముట్టిన్నో కూడ చూసుకోలే. ఆ నూనెకే ఈ పిల్లను మీ అందరి ముందట నిలబెట్టి దొంగ అన్న. ఇంకో పెట్టె తెరిచి చూసినా తెలుస్తుండె. తెరవలే."

ఎవరో ఈల వేశారు. ఎవరో "వారెవ్వా మేడం!" అని అరిచారు. వెనక వివేక్ ఫోన్ ఎత్తి రికార్డు చేస్తున్నాడు. డానియేలు వచ్చి ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"బంతులను ఇడిచి నేను బయటికి పోయిన. పోలేదని అబద్ధం చెప్పిన" అన్నాడు. ఎందుకు పోయాడో ఆయన చెప్పలేదు. కానీ ప్రేమ్‌రాజ్ సేట్‌కు అర్థమైంది, తల దించుకున్నాడు. "నిన్నటి తీర్పు రద్దు. ఫైనల్ ఇయ్యాల లేదు. సోనీ, అక్షయ్ మ్యాచ్ మొదటి సంది మల్ల ఆడాలె. దానికి నేను డైరెక్టర్‌ను కాను." మెడలోని బ్యాడ్జి తీసి టేబుల్ మీద పెట్టాడు. తర్వాత రాజమణి వైపు తిరిగాడు. ఆయన గొంతు ఇప్పుడు "ఫౌల్" అనేటప్పటి గొంతే. "ఇంకొక్క రూలున్నది. కడిగి పెట్టిన బంతిని ఆటగాండ్లు, డైరెక్టర్ తప్ప ఎవరు ముట్టినా ఐదేండ్లు ఈ హాలుకు రావద్దు. తెల్వక ముట్టినా అంతే. సేట్ ఇంటోళ్లు ముట్టినా అంతే. ముఖ్య అతిథి అయినా అంతే."

"సేట్ ఇంటోళ్లంటే ఎవరు?" ప్రేమ్‌రాజ్ లేచాడు. "డానియేల్ భాయ్, ఈ హాలు ఎవరిది?"

"మీదే సేట్. రూలు నాది. మీ ఇంట్ల ఆ బంతి ముట్టినోళ్లందరికి వర్తిస్తది. ఒద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి, గోడ మీది కాయితం తీస్కోని పోత."

సేట్ గోడ మీది కాయితం వైపు చూశాడు. వెనక వాటా తలుపు సందులోంచి రూప చూస్తోంది. కూర్చున్నాడు గానీ, సరే అనలేదు, వద్దనీ అనలేదు.

"మేడం."

సోనీ ఎప్పుడు వచ్చిందో, రాజమణికి ఎదురుగా నిలబడి ఉంది. నిన్న రాజమణి నిలబడ్డ చోట. మధ్యలో టేబుల్ కూడా లేదు.

"చేతులు చాపుండ్రి."

రాజమణి రెండు చేతులూ చాపింది. వాసన చూస్తుందనుకుని కళ్లు మూసుకుంది. సోనీ వంగలేదు. కుడి చెయ్యి తిప్పి ఉంగరపు వేలి గోటి వార ఎర్ర గీత మీద బొటనవేలితో ఒకసారి రుద్దింది. అది పోలేదు.

రాజమణి కళ్లు తెరిచింది. తన వేలిని పట్టుకున్న ఆ పిల్ల చేతులు కనిపించాయి. వేళ్ల సందులు ఒరుసుకుపోయి, అరచేతులు పొరలు లేచి ఉన్నాయి. గోళ్ల వారంతా ఎరుపే.

"సబ్బుతోని పోదు మేడం" అంది సోనీ. "నేను రాత్రంత కడిగిన."